మెగాపిక్సెల్స్ సరే... మీ కెమెరా డేటా ఎక్కడికి పోతోంది?

రెండు మూడు వేల రూపాయల వై-ఫై కెమెరా రివ్యూ ఏది తీసుకున్నా అవే ముచ్చట్లు. 1080పీనా, 2కేనా? నైట్ విజన్ ఎలా ఉంది? మెమరీ కార్డ్ ఎంతవరకు పడుతుంది? అన్నీ కావాల్సినవే. కానీ ఆ కెమెరాను మనం పెట్టేది హాల్లో, పిల్లల గదిలో. అది రోజంతా మన రూటర్ గుండా ఎవరితో మాట్లాడుతోందో మాత్రం ఒక్క లైన్ కూడా ఉండదు. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా: వై-ఫైకి కనెక్ట్ అయ్యే ప్రతి గ్యాడ్జెట్ రివ్యూలో ట్రాఫిక్ టెస్ట్ ఉండాల్సిందే, ఫోన్ రివ్యూలో బ్యాటరీ టెస్ట్ ఉన్నట్టే.

ఇదేమీ సినిమాల్లో చూపించే హ్యాకింగ్ కాదు. ల్యాప్‌టాప్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి కెమెరాను దానికి కనెక్ట్ చేస్తే చాలు, దాని ట్రాఫిక్ అంతా ల్యాప్‌టాప్ మీదుగానే వెళ్తుంది. వైర్‌షార్క్ ఓపెన్ చేసి చూడటమే. ఇంకో దారి ఏఆర్‌పీ స్పూఫింగ్. అదే వై-ఫైలో ఉన్న ల్యాప్‌టాప్ కెమెరాతో "రూటర్‌ని నేనే" అని, రూటర్‌తో "కెమెరాని నేనే" అని చెబుతుంది. ఆ మాట నిజమో కాదో తేల్చుకునే ఏర్పాటు ఏఆర్‌పీలో లేదు కాబట్టి రెండూ నమ్మేస్తాయి. రివ్యూకి మాత్రం హాట్‌స్పాట్ దారే మేలు. ఇంట్లో మిగతావాళ్ళ నెట్ జోలికి పోదు.

"ఇప్పుడంతా ఎన్‌క్రిప్షనే కదా బ్రో, ఏం కనబడుతుంది?" అంటారు. నిజమే, లోపలి విషయం కనబడదు. కానీ ఏ సర్వర్‌కి, ఎప్పుడు, ఎంత డేటా పోతోందో కనబడుతుంది. "వీడియో మీ ఇంట్లోనే ఉంటుంది" అని డబ్బా మీద రాసుకున్న కెమెరా, ఎదురుగా మనిషి కదిలిన ప్రతిసారీ బయటికి డేటా పంపుతుంటే కంపెనీని అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే.

ఇది ఉత్తి ఊహ కాదు. యాంకర్ కంపెనీ యూఫీ కెమెరాలకు లోకల్ స్టోరేజే పెద్ద ప్రచారం. 2022 నవంబర్‌లో పాల్ మూర్ అనే సెక్యూరిటీ కన్సల్టెంట్, క్లౌడ్ స్టోరేజ్ వాడకపోయినా తన డోర్‌బెల్ కెమెరా నుంచి థంబ్‌నెయిల్ ఫొటోలు క్లౌడ్‌కి వెళ్తున్నాయని చూపించాడు. నోటిఫికేషన్‌లో ఫొటో చూపించడానికే అలా చేశామని కంపెనీ వివరణ ఇచ్చుకుంది. వెబ్ పోర్టల్‌లో చూసే లైవ్ వీడియోకు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదని 2023లో ఒప్పుకుంది కూడా. స్పెసిఫికేషన్ షీట్ ఎన్నిసార్లు తిరగేసినా ఇవి తేలేవి కావు.

రెండో పరీక్ష ఇంకా ముఖ్యం. మిట్‌మ్‌ప్రాక్సీ లాంటి టూల్‌తో మధ్యలో నిలబడి, అసలు సర్వర్ సర్టిఫికెట్‌కి బదులు మన సర్టిఫికెట్ చూపించాలి. మంచి గ్యాడ్జెట్ వెంటనే కనెక్షన్ తెంపేస్తుంది. దాని మొబైల్ యాప్‌కీ ఇదే పరీక్ష. ఆండ్రాయిడ్ 7 నుంచి, మనం ఫోన్‌లో సొంతంగా వేసుకున్న సర్టిఫికెట్లను కూడా యాప్‌లు మామూలుగా నమ్మవు. యాప్ మొరాయించడమే ఇక్కడ శుభవార్త! ఏమీ జరగనట్టు పని చేసుకుపోతే మాత్రం మన స్థానంలో ఇంకెవరైనా ఉండొచ్చు. అలాంటి దానికి ధర ఎంత తక్కువైనా ఫెయిల్ అని రాయాలి.

ఈ టెస్ట్ పాసైతే ఇక భయం లేదని కాదు. రేపొచ్చే ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో కథ మారొచ్చు. అందుకే ఏ వెర్షన్ మీద, ఏ తేదీన చూశారో రివ్యూలో రాయాలి. "అంత టైం ఎక్కడిది?" అనే రివ్యూయర్లకు ఒకటే మాట: బాక్స్ ఓపెనింగ్‌కి పది నిమిషాల వీడియో తీస్తున్నాం, దీనికి ఒక సాయంత్రం ఇవ్వలేమా?

ఒక్క హద్దు మాత్రం దాటకండి. మీ గ్యాడ్జెట్, మీ నెట్‌వర్క్, అంతే. హాస్టల్ వై-ఫైలోనో, కేఫ్‌లోనో సరదాగా స్పూఫింగ్ చేస్తే అది టెస్టింగ్ అనిపించుకోదు. అనుమతి లేకుండా దురుద్దేశంతో ఇతరుల నెట్‌వర్క్‌లో వేలుపెడితే ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఈసారి కెమెరా కొనేముందు రివ్యూలో మెగాపిక్సెల్స్ పక్కన ఈ లైన్ కోసం కూడా వెతకండి. లేకపోతే రివ్యూయర్‌ని అడగండి. చదివేవాళ్ళు అడగనంత కాలం ఏ కంపెనీకీ చెప్పాల్సిన అవసరం రాదు.