తులం ఎత్తు గుండు

మన ఇళ్ళల్లో తులం అంటే బంగారమే. పెళ్ళికి ఎన్ని తులాలు పెట్టారు, ఇవాళ తులం ఎంతుంది, అన్నీ ఇవే మాటలు. కొట్లవాళ్ళు ఇప్పుడు తులాన్ని పది గ్రాములకి కుదించేశారు గానీ, పాత తులం 11.66 గ్రాములు. 1833లో కుంపిణీ ప్రభుత్వం వెండి రూపాయి బరువు 180 గ్రెయిన్లని ఖాయం చేసి, అదే తులం అంది. గ్రెయిన్ అంటే గింజే. మనం గురివింద గింజతో తూచినట్టు వాళ్ళు యవల గింజతో తూచారు. పౌనుకి 7000 గింజలు.

బంగారం తూచడంలో ఈ గ్రెయిన్ ఇప్పుడు దాదాపు కనబడదు. తుపాకి గుండుని మాత్రం ఇంగ్లీషు దేశాల్లో ఇవాళ్టికీ దాంతోనే తూస్తారు. కొలరాడోలో ఉండే మిత్రుడొకాయన ఈ మధ్య వేట లైసెన్సు తీసుకుని, ఎల్క్‌కి ఎంత బరువు గుండు సరిపోతుందని నన్నడిగారు. రంగూన్ గురించి అప్పుడప్పుడూ రాస్తుంటాను కనక అడవులూ తెలుసనుకున్నారు కాబోలు. పుస్తకాలు తిరగేసి చూస్తే, థర్టీ నాట్ సిక్స్ రైఫిల్ పట్టుకునే ఎల్క్ వేటగాళ్ళు తరతరాలుగా నమ్ముకున్న బరువు 180 గ్రెయిన్లు. సరిగ్గా తులం!

ఎందుకు తులం? మగ ఎల్క్ మూడు వందల కిలోల పైమాటే. భుజం ఎముక లావు. తేలిక గుండు జోరుగా పోతుంది, దూరానికి తిన్నగానూ పోతుంది. కానీ దగ్గర్లో ఆ జోరుతోనే ఎముకకి తగిలితే చితికిపోయి, గుండె దాకా చేరకపోవచ్చు. జంతువు కింద పడదు. గాయంతో పారిపోయి, ఎవరికీ కనబడని ఏ లోయలోనో నెమ్మదిగా చస్తుంది. వేటగాడికి నిజమైన సిగ్గు గురి తప్పడం కాదు, ఇది. బరువు ఎక్కువున్న గుండు కాస్త నెమ్మదైనా లోపలికి దిగుతుంది. ఇప్పుడు సీసం లేకుండా మొత్తం రాగితోనే చేసే గుండ్లు వచ్చాయి. అవి చితకవు కనక 150, 165 గ్రెయిన్లవి కూడా ఆ పని చేస్తాయి. కొలరాడోలో చట్టం అడిగేది అంతకన్నా తక్కువే. ఎల్క్‌కి 85 గ్రెయిన్లకి తగ్గని గుండు ఉండాలి, అది తగలగానే విచ్చుకునే రకమై ఉండాలి. చట్టం ఒప్పుకునేది వేరు, జంతువు త్వరగా చచ్చేది వేరు.

ఆ విచ్చుకునే గుండుకి మన వైపు పేరే ఉంది, డమ్ డమ్. కలకత్తా పక్కన డమ్ డమ్ ఆయుధ కర్మాగారంలో 1890లలో తయారుచేశారు. 1899లో హేగ్‌లో కూర్చుని, యుద్ధంలో మనుషుల మీద దాన్ని వాడకూడదని తీర్మానించారు. జంతువు మీద మాత్రం అదే వాడాలి, లేకపోతే నేరం. వినడానికి వింతగా ఉన్నా ఇందులో తర్కం ఉంది. వేటలో త్వరగా చంపడమే దయ.

ఇంతకీ ఎల్క్ మనకి లేదు. మాట మాత్రం ఉండేది. దక్షిణ భారతంలో, సింహళంలో తెల్ల వేటగాళ్ళు కణుజుని ఎల్క్ అనేవారు. ఆ పేరు దానికి బొత్తిగా తగదని హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు 1886లోనే విసుక్కుంది. సింహళంలో శామ్యూల్ బేకర్ ఈ 'ఎల్క్'ని వేటకుక్కల్ని ఉసిగొల్పి కత్తితో పొడిచి చంపేవాడు, గుండు గొడవే లేకుండా. ఏనుగులకి మాత్రం నాలుగు ఔన్సుల గుండు పేల్చే తుపాకి పెట్టుకున్నాడు. తులాల్లో చెప్తే దాదాపు పది!

అదే నిఘంటువులో విస్ అనే మాటా ఉంది. మన వీశె. మన వీశెకి 120 తులాలు, రంగూన్ వీశెకి 140. రంగూన్ బజార్లలో కూరా మాంసమూ నిన్నమొన్నటి దాకా ఆ తూకంతోనే అమ్మారు, ఇప్పటికీ చాలామంది అలాగే అడుగుతారు. బర్మా మాటలో అది పెయిథా. అందులో నూరో వంతు చ్యాట్, అంటే తులం మీద ఇంకో రెండు పాళ్ళు, అయిదింట. ఒకప్పటి మొఘల్ స్ట్రీట్, ఇప్పటి ష్వేబోంథా వీధిలో బంగారం ధర చెప్పేది తులానికి కాదు, ఈ చ్యాట్‌కే.

ఆ రంగూన్‌కి 1922లో ఎరిక్ బ్లెయిర్ అనే పంతొమ్మిదేళ్ళ కుర్రాడు పోలీసు ఉద్యోగానికి ఓడ దిగాడు. తర్వాత రంగూన్ చుట్టుపక్కల ట్వాంటే, సిరియం, ఇన్సీన్‌లలో పనిచేశాడు. 1926లో మౌల్మేన్ వెళ్ళాడు. జార్జ్ ఆర్వెల్ అన్న పేరుతో 1936లో అతను రాసిన 'షూటింగ్ యాన్ ఎలిఫెంట్' చదవని సాహిత్య విద్యార్థి ఉండడు. సామ్రాజ్యం మీద వ్యాసంగానే అందరం చదువుతాం. నేను ఈసారి గుండు బరువు కోసం చదివాను.

మదమెక్కిన ఏనుగు ఊళ్ళో పడిందని కబురొస్తే అతను మొదట పట్టుకెళ్ళింది పాత .44 వించెస్టర్. ఏనుగుని చంపడానికి అది చాలదని అతనికి తెలుసు. చప్పుడుకైనా బెదురుతుందని తీసుకెళ్ళాడు. ఆ రైఫిల్‌కి మామూలుగా వేసే గుండు 200 గ్రెయిన్లు. అంటే మా కొలరాడో మిత్రుడి గుండు కన్నా బరువైనదే! కానీ అది పొట్టిగా, లావుగా ఉంటుంది, సెకనుకి పన్నెండు వందల అడుగుల చిల్లర పోతుంది. థర్టీ నాట్ సిక్స్‌లో తులం గుండు సన్నగా, పొడుగ్గా ఉండి, సెకనుకి 2700 అడుగులు పోతుంది. మోసుకెళ్ళే శక్తి నాలుగు రెట్లు. ఆ శక్తంతా సన్నటి మొన మీద పడుతుంది. మేకుకీ గుండ్రాయికీ ఉన్న తేడా. అందుకే గుండు ఎంత బరువు అన్న ప్రశ్న ఒక్కటే అడిగితే జవాబు దొరకదు. ఆ బరువు ఎంత లావులో ఉంది, ఎంత జోరుతో పోతుంది అని కూడా అడగాలి.

తర్వాత అతను మనిషిని పంపి ఏనుగుల రైఫిల్ తెప్పించాడు, అయిదు తూటాలతో. మంచి జర్మన్ సరుకు. ఇప్పుడు చేతిలో తగిన ఆయుధమే ఉంది. కానీ ఎక్కడ కొట్టాలో తెలీదు. ఏనుగు పక్కకి తిరిగి ఉంది కనక చెవి రంధ్రానికి నేరుగా గురిపెట్టాల్సింది. మెదడు ఇంకా ముందు ఉంటుందనుకుని చెవికి ముందు కొట్టాడు. మూడు గుండ్లకి ఏనుగు కూలింది, చావలేదు. మిగిలిన రెండూ గుండె ఉంటుందనుకున్న చోట పేల్చాడు. ఆపైన ఆ .44నే మళ్ళీ తెప్పించి, గుండెలోకీ గొంతులోకీ పేలుస్తూ పోయాడు. ఏ మార్పూ లేదు. చూడలేక వెళ్ళిపోయాడు. అరగంట పట్టిందని తర్వాత ఎవరో చెప్పారు.

దీని పక్కన ఆఫ్రికాలో కారమోజో బెల్‌ని పెట్టి చూడండి. వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపాడు. ఎక్కువ భాగం 173 గ్రెయిన్ల గుండుతో, అంటే తులానికి కాస్త తక్కువతో. పూర్తిగా లోహపు తొడుగున్న సన్నటి గుండు, విచ్చుకోనిది. దాని వెనక ఉన్న రహస్యం, అతను ఏనుగు తలని రంపంతో కోయించి మెదడు ఎక్కడుందో చూసుకోవడం. అతన్ని మెచ్చుకోమని కాదు, వెయ్యి ఏనుగులంటే నాకు కడుపులో తిప్పుతుంది. కానీ ఆర్వెల్ ఏనుగు అనుభవించిన అరగంట వాటిలో చాలావాటికి లేదు.

ఆర్వెల్ నిజంగా ఏనుగుని కాల్చాడా అన్నది పండితులు ఇంకా తేల్చలేదు. 1926 మార్చిలో రంగూన్ గెజెట్‌లో యమేథిన్ సబ్‌డివిజనల్ అధికారి మేజర్ కెన్నీ ఒక ఏనుగుని కాల్చిన వార్త వచ్చింది. కథకి మూలం అదేనని కొందరి అనుమానం. నాకు ఆ తగువుతో పనిలేదు. నన్ను ఆపేది వ్యాసంలో ఇంకోచోట ఉంది.

ఆ ఏనుగు అప్పటికే ఒక మనిషిని తొక్కి బురదలోకి నూరేసింది. ద్రావిడ కూలీ అంటాడు ఆర్వెల్. చివర్లో తెల్లవాళ్ళు వాదించుకుంటుంటే, కుర్ర దొరలు ఒక కూలీని చంపినందుకు ఏనుగుని కాల్చడం అన్యాయమంటారు. ఏనుగు ఖరీదు ఏ కొరింగీ కూలీ కన్నా ఎక్కువట. కొరింగీ! కాకినాడ పక్కన గోదావరి పాయ మీద ఉన్న కోరంగి. ఆ రేవు నుంచి వెళ్ళిన మొదటివాళ్ళ వల్ల, బర్మాలో తెలుగు కూలీలందరికీ ఆ పేరే స్థిరపడింది. వాళ్ళు విశాఖ నుంచి వెళ్ళినా, కళింగపట్నం నుంచి వెళ్ళినా అదే. మనవాళ్ళు మాత్రం 'రంగం వెళ్ళాం' అనుకునేవారు. రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో కూలి పెంచమని ఈ తెలుగువాళ్ళే సమ్మె చేస్తే, అది బర్మా కూలీలతో కొట్లాటగా మారి వంద మందికి పైగా పోయారు.

వ్యాసంలో లెక్క స్పష్టంగానే ఉంది. ఏనుగు బతికుంటే కనీసం వంద పౌన్లు. చస్తే దంతాల ఖరీదు, బహుశా అయిదు పౌన్లు. కూలీకి ఏ అంకె లేదు. అతను చచ్చినందుకు రచయితకి లోపల సంతోషమే కలిగింది, ఏనుగుని కాల్చడానికి చట్టం దృష్టిలో సాకు దొరికింది కనక. ఆ మాట తనే ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు కోసమే ఈ వ్యాసం అంటే నాకు గౌరవం.

దీన్ని తెలుగు చేయాలనుకునేవారికి ఒక మనవి. కొరింగీ అన్నచోట 'భారతీయ కూలీ' అని సర్దేయకండి. కోరంగి కూలీ అనే రాయండి, కింద చిన్న వివరణ ఇచ్చినా సరే.