ఇంటి కంప్యూటరు: పిలవని ప్రాక్సీ

ఇంట్లో మొబైలు ఫోనుకు ఇంటర్నెట్టు చక్కగా అందుతూ ఉంటుంది. అదే వై-ఫై మీద నడిచే కంప్యూటరు మాత్రం ఏ పేజీ అడిగినా, ప్రాక్సీ సర్వరుతో సంబంధం కుదరడం లేదనే సందేశం చూపి ఊరుకుంటుంది. ప్రాక్సీని పెట్టిన జ్ఞాపకం ఇంట్లో ఎవ్వరికీ ఉండదు. ఈ శీర్షికకు అందుతున్న ప్రశ్నలలో ఈ తరహావి తరచుగా ఉంటున్నందున ఈ నెల ఆ విషయాన్నే తీసుకుంటున్నాము.

ప్రాక్సీ అన్న మాట మన పాఠకులకు కొత్త కాదు. కళాశాలలో మిత్రుని బదులు హాజరు పలికేవారూ, కంపెనీ వార్షిక సమావేశంలో వాటాదారు బదులు ఓటు వేసేవారూ ప్రాక్సీలే. కంప్యూటరులోనూ అర్థం అదే. బ్రౌజరు కోరిన పేజీని దాని బదులు తాను వెళ్లి తెచ్చి ఇచ్చే మధ్యవర్తి అది. 1994లో సెర్న్ పరిశోధన కేంద్రానికి చెందిన ఆరి లుఒటోనెన్, ఇంటెల్‌కు చెందిన కెవిన్ ఆల్టిస్ వెబ్ ప్రాక్సీని వివరిస్తూ పత్రం వెలువరించినప్పుడు ప్రధానోద్దేశం, ఫైర్‌వాల్ వెనుక ఉన్న సంస్థల సిబ్బందికి వెబ్‌ను అందుబాటులోకి తేవడమే. అందువల్ల ప్రాక్సీ నేటికీ ముఖ్యంగా కార్యాలయాల, కళాశాలల సామగ్రి. ఇంట్లో దానికి సాధారణంగా పని లేదు. పని లేని చోట కనబడిందంటే దానిని ఎవరో, ఏదో అక్కడ పెట్టి ఉండాలి.

విండోస్ 10, 11లలో సెట్టింగ్స్ తెరచి, ‘నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్’ విభాగంలో ‘ప్రాక్సీ’ని ఎంచుకుంటే సంగతి కనబడుతుంది. అక్కడి మీటను ఆపివేస్తే ఇంటర్నెట్టు వెంటనే రావచ్చు. చాలామంది అంతటితో సంతోషించి లేచిపోతారు. సబ్‌స్టేషనులో బ్రేకరు ట్రిప్ అయినప్పుడు, ఏ రిలే పనిచేసిందో లాగ్‌బుక్కులో రాసుకోకుండా తిరిగి ఛార్జి చేసే ఆపరేటరును మన సంస్థలో ఎవరూ మెచ్చుకోరు. ఇక్కడా అదే పద్ధతి పాటించాలి. మీటను ఆపే ముందు అక్కడి చిరునామాను, పోర్టు సంఖ్యను, స్క్రిప్టు గడిలో ఏదైనా ఉంటే దానిని, ఒక కాగితం మీద రాసుకోవాలి. ఒకసారి చెరిపేస్తే ఆ సాక్ష్యం పోతుంది. (అదే పుటలో ‘ఆటోమేటికల్లీ డిటెక్ట్ సెట్టింగ్స్’ అనేది తెరచి ఉంటుంది. అది విండోస్ తనంతట తాను పెట్టుకున్నదే. దానిని చూసి కంగారు పడనవసరం లేదు.)

రాసుకున్న చిరునామా చాలా చెబుతుంది. అది 10తో గాని, 192.168తో గాని మొదలైతే, లేదా కళాశాల, కార్యాలయం పేరు అందులో కనబడితే, అది ఏదో ఒక సంస్థ లోపలి చిరునామా అయి ఉండే అవకాశమే ఎక్కువ. హాస్టలు నుండి సెలవులకు వచ్చిన అబ్బాయి ల్యాప్‌టాప్‌లో అక్కడి ప్రాక్సీ అలాగే ఉండిపోవడం సర్వసాధారణం. ఇంట్లో ఉన్నన్నాళ్లు ఆపి, తిరిగి వెళ్లినప్పుడు పెట్టుకుంటే సరిపోతుంది.

చిరునామా 127.0.0.1 అయితే సంగతి వేరు. ఆ సంఖ్యకు ‘ఈ కంప్యూటరే’ అని అర్థం. అంటే మధ్యవర్తి బయట ఎక్కడో లేడు, మీ యంత్రంలోనే నడిచే ఒక ప్రోగ్రాము రూపంలో కూర్చుని ఉన్నాడు. ఇదీ అన్నివేళలా దుష్టమైనది కాదు. మా కాలనీలో సాఫ్ట్‌వేర్ పరీక్షణ కోర్సు చదువుతున్న అమ్మాయి ఒకతె, వెబ్ రాకపోకలను గమనించే ఉపకరణాన్ని వాడుతుండగా కరెంటు పోయింది. అటువంటి ఉపకరణాలు తెరచినప్పుడు తమను ప్రాక్సీగా నమోదు చేసుకుని, మూసినప్పుడు ఆ నమోదును తొలగిస్తాయి. మూసే అవకాశమే లేనందున నమోదు మిగిలిపోయింది, ప్రోగ్రాము లేదు. తెల్లవారి తండ్రిగారు కంప్యూటరు తెరిస్తే పేజీలన్నీ బంద్. అక్కడ మీటను ఆపడమే పూర్తి వైద్యం. కొన్ని వీపీఎన్‌లు మధ్యలో చచ్చిపోయినప్పుడూ ఇదే జరుగుతుంది.

భయపడవలసింది, ఆపిన ప్రాక్సీ తిరిగి లేచి కూర్చున్నప్పుడు. పదవీ విరమణ చేసిన మిత్రుడొకరు ఆ మీటను వరుసగా మూడు రోజులు ఆపారు. కంప్యూటరు తిరిగి తెరచిన ప్రతిసారీ అది పైకి వచ్చింది. పక్క వీధి దుకాణంలో అడిగితే ‘రోజూ ఆపుకోండి సార్’ అన్నారట. పింఛను ఖాతా చూసుకోవడం, ఫిక్సెడ్ డిపాజిట్ల రెన్యూవల్, అన్నీ ఆయన ఆ యంత్రం మీదే చేస్తారు. తనంత తాను తిరిగి వచ్చే ప్రాక్సీ వెనుక, దానిని మళ్లీ మళ్లీ రాసే ప్రోగ్రాము ఒకటి తప్పక ఉంటుంది. దానిని పట్టుకోవడం కష్టమేమీ కాదు. విండోస్‌లోనే ఉన్న ‘రిసోర్స్ మానిటర్’ తెరచి, నెట్‌వర్క్ విభాగంలో ‘లిజనింగ్ పోర్ట్స్’ పట్టికను చూసి, కాగితం మీది పోర్టు సంఖ్య ఎదురుగా ఏ ప్రోగ్రాము పేరు ఉందో గమనించాము. ఫైళ్లను ఒక రూపం నుండి మరొక రూపానికి మార్చే ఉచిత ప్రోగ్రాముతోపాటు, అదే రోజున చేరిన మరొక ప్రోగ్రాము అది. దానిని కంట్రోల్ పానెల్ నుండి తీసివేసి, ‘టాస్క్ షెడ్యూలర్’లో దాని పేర మిగిలిన పనిని కూడా తొలగించి, విండోస్ సెక్యూరిటీలోని ఆఫ్‌లైన్ స్కాన్ నడిపిన తరువాతనే ప్రాక్సీ మీట శాశ్వతంగా కింద ఉండిపోయింది. ఖాతాల పాస్‌వర్డులను ఆయన కుమారుడి ఫోను నుండి మార్పించాము. రోగం ఉన్న యంత్రం మీదే కొత్త పాస్‌వర్డు పెట్టడంలో అర్థం లేదు.

‘అడ్రసు పక్కన తాళం బొమ్మ ఉంది కదా, భయమెందుకు?’ అని ఆయన అడిగారు. ప్రశ్న సమంజసమైనదే. తాళం ఉన్న సైట్ల విషయంలో మామూలు ప్రాక్సీకి మీరు ఏ సైటుకు వెళ్తున్నారో తెలుస్తుంది గాని, అందులో ఏం రాశారో తెలియదు. అయితే మీ కంప్యూటరు నమ్మే సర్టిఫికెట్ల జాబితాలో అది తన సర్టిఫికెట్టును కూడా చేర్చితే ఆ రక్షణ పోతుంది. తాళం బొమ్మ అలాగే కనబడుతూ ఉంటుంది, లోపలి మాట మాత్రం మధ్యవర్తి చదువుతూ ఉంటాడు. ఇది ఊహ కాదు. 2014లో లెనోవో విక్రయించిన కొన్ని ల్యాప్‌టాప్‌లలో ముందుగానే ఉంచిన సూపర్‌ఫిష్ అనే ప్రోగ్రాము, పేజీలలో ప్రకటనలు జొప్పించడానికి సరిగ్గా ఇదే పని చేసింది. అన్ని యంత్రాలలోనూ ఒకే రహస్య తాళంచెవి ఉండడం, 2015 ఫిబ్రవరిలో దానిని పరిశోధకులు బయటికి తీయడంతో పెద్ద కలకలం రేగింది. ప్రోగ్రామును తొలగించినా సర్టిఫికెట్టు మిగిలిపోయేది; దానిని విడిగా తీయవలసి వచ్చింది.

కనుక ప్రోగ్రామును తీసిన తరువాత, స్టార్ట్ మెనూలో ‘మేనేజ్ యూజర్ సర్టిఫికేట్స్’ అని వెతికి, ‘ట్రస్టెడ్ రూట్’ జాబితాలో ఆ ప్రోగ్రాము పేరుతో ఏమైనా మిగిలిందేమో చూడాలి. ‘మేనేజ్ కంప్యూటర్ సర్టిఫికేట్స్’లోనూ అలాగే చూడాలి. తెలియని పేరునల్లా చెరపరాదు. కొన్ని యాంటీవైరస్‌లు కూడా న్యాయంగానే అక్కడ తమ సర్టిఫికెట్టును ఉంచుతాయి. అనుమానం తీరకపోతే, దస్తావేజులను, ఫొటోలను భద్రపరచుకుని విండోస్‌ను తిరిగి స్థాపించుకోవడమే మేలని మా అభిప్రాయం. ఒక ఆదివారం పోతుంది, అంతే. డబ్బు కదిలినట్లు అనుమానం కలిగితే మాత్రం ఈ పరిశోధన అంతా పక్కన పెట్టి, ముందు బ్యాంకుకు, 1930 నంబరుకు ఫోను చేయాలి. అక్కడ ఆలస్యం పనికిరాదు.

పై మాటలన్నీ సొంత కంప్యూటర్లకే. కార్యాలయం ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో ప్రాక్సీ కనబడితే అది సంస్థ పెట్టినదే అయి ఉంటుంది. దానిని ఇంట్లో పిల్లల చేత మార్పించక ఐటీ విభాగానికి చెప్పండి.

ప్రాక్సీ గడి ఖాళీగానే ఉన్నా పేజీలు వేరే చోటికి మళ్లుతున్నాయని ఇద్దరు పాఠకులు రాశారు. వారు చెప్పిన లక్షణాలను బట్టి రౌటరులోని డీఎన్ఎస్ చిరునామాను ముందుగా చూడవలసి ఉంటుంది. దానిని వచ్చే నెల పరిశీలిద్దాము.