షేక్ గారి నీలి పిట్టలు
శుక్రవారం దోహాలో మెసైమీర్ చర్చిల సముదాయం దగ్గర ప్రార్థన ముగిశాక మన తెలుగువాళ్లు వేసే ప్రశ్న ఒకటే: "పిల్లల్ని ఇస్లామిక్ మ్యూజియానికి తీసుకెళ్లొచ్చా?" వెళ్లండి, కానీ ఆ అద్దాల పెట్టెల వెనకున్న మనిషి నాకు నచ్చింది మాత్రం అక్కడ కనిపించని ఒక పనికి. షేక్ సౌద్ బిన్ మొహమ్మద్ అల్ థానీ 1997 నుంచి 2005 దాకా ఖతర్ కోసం ప్రపంచమంతా వేలంపాటల్లో చెయ్యెత్తాడు. ఈస్టిండియా కంపెనీ రాబర్ట్ క్లైవ్ మన దేశం నుంచి పట్టుకుపోయిన, రత్నాలు పొదిగిన మొగలాయి కూజాను 2004లో లండన్‌లో సుమారు 29 లక్షల పౌండ్లకు కొన్నాడు. చివరికి ఆ ఖర్చుల లెక్కల మీదే విచారణ జరిగింది, ప్రభుత్వ పదవీ పోయింది. ఇలాంటి సేకరణ పిచ్చి హైదరాబాదీలకు కొత్త కాదు. పెళ్లి కూడా చేసుకోకుండా వస్తువులు పోగేసిన మూడో సాలార్ జంగ్ మనవాడేగా! కానీ సాలార్ జంగ్ గడియారానికి కీ ఇస్తే చాలు, షేక్ పోగేసినవాటిలో కొన్నిటికి మేత కావాలి. అడవిలో కనుమరుగైన బ్రెజిల్ నీలి చిలుకలను, అంటే స్పిక్స్ మకావ్‌లను, ఖతర్‌లోని తన అల్ వబ్రా సంరక్షణ కేంద్రంలో పెంచి పిల్లలు పెట్టించాడు. కూజా కొంటే ఇంకొకరికి దక్కదు. పిట్టను పెంచితే ఇంకొకటి పుడుతుంది. సేకరణలో దురాశ పాలు ఎంతో తేల్చడానికి నాకీ తేడా చాలు. ఆయన 2014లో పోయాడు. 2022లో బ్రెజిల్‌లో వదిలిన చిలుకల వంశంలో అల్ వబ్రా రక్తం ఉంది. వాటికి వేలం కేటలాగ్ నంబరు ఎవరూ వెయ్యలేదు.