రెండు మాత్రలు ఒకటి కావు

మందుల షాపుల్లో ఇప్పుడు రెండు రకాల మాత్రలు దొరుకుతున్నాయి. ఒకటి గర్భం రాకుండా ఆపేది. రెండవది వచ్చిన గర్భాన్ని తీసివేసేది. మన ఇళ్ళలో, మన సంఘాల్లో ఈ రెండింటినీ కలిపి "ఆ మాత్ర" అనేస్తున్నారు. స్త్రీల కూడికల్లో ఆరోగ్యం గురించి మాట్లాడటానికి వెళ్ళినప్పుడు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న కూడా అదే: "ఆ మాత్ర వేసుకోవడం పాపమా, కాదా?" ఏ మాత్ర గురించి అడుగుతున్నారమ్మా అంటే చాలామంది జవాబు చెప్పలేరు.

పాపమా, కాదా అనే ప్రశ్న చిన్నది కాదు. అయితే ఏ మాత్ర ఏమి చేస్తుందో తెలుసుకోకుండా దానికి నిజాయితీగా జవాబు చెప్పడం ఎవరి వల్లా కాదు. ఈ గందరగోళం వల్ల రెండు వైపులా నష్టం జరుగుతోందని మా అభిప్రాయం. అంతగా భయపడనక్కరలేని మాత్రకు భయపడుతున్నాం. జాగ్రత్తపడవలసిన మాత్రను తలనొప్పి బిళ్ళలాగా కొని మింగుతున్నాం.

మొదటిది: గర్భం రాకుండా ఆపే మాత్ర

ఐ-పిల్, అన్‌వాంటెడ్-72 వంటి పేర్లతో అమ్మేది ఈ మాత్రనే. ఇందులో లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోను 1.5 మిల్లీగ్రాములు ఉంటుంది. భార్యాభర్తలు కలిసిన తరువాత 72 గంటల లోపల వేసుకోవాలి. ఎంత త్వరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. దీన్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికి 2005లో మన ప్రభుత్వం అనుమతించింది. 2007లో ఐ-పిల్ వచ్చాక టీవీ ప్రకటనల ద్వారా ఊరూరా తెలిసిపోయింది.

ఇది ఎలా పనిచేస్తుంది? అండం విడుదల కావడాన్ని ఆలస్యం చేస్తుంది. వీర్యకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల వరకు బ్రతికి ఉండగలవు. ఆ రోజుల్లో అండం విడుదల కాకపోతే గర్భం రాదు. అండం అప్పటికే విడుదలై ఉంటే మాత్ర పెద్దగా ఉపయోగపడదు. అప్పటికే గర్భం వచ్చి ఉంటే దాన్ని ఈ మాత్ర తీసివేయలేదు, కడుపులోని బిడ్డకు హాని చేయదు.

మరి క్రైస్తవుల్లో ఇంత వాదన ఎందుకు వచ్చింది? అమెరికాలో ఈ మాత్ర 1999లో మార్కెట్లోకి వచ్చినప్పుడు, ఫలదీకరణ చెందిన అండం గర్భసంచికి అంటుకోకుండా కూడా ఇది ఆపవచ్చునని దాని వివరాల కాగితం మీద ముద్రించారు. ఫలదీకరణతోనే ప్రాణం మొదలవుతుందని నమ్మే విశ్వాసులకు అది గర్భస్రావమే అనిపించింది. ఆ ఆందోళనను మేము తేలికగా తీసిపారేయడం లేదు. కాని ఆ తరువాత జరిగిన పరిశోధనలను పరిశీలించి, 2022 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మాటను తొలగించింది. అండం అంటుకోవడం మీద ఈ మాత్ర ప్రభావం ఉండదని స్పష్టంగా రాయించింది.

సంఘ పెద్దలు కూడా ఈ విషయాన్ని పరిశీలించకపోలేదు. జర్మనీలో అత్యాచారానికి గురైన ఒక యువతిని రెండు కాథలిక్ ఆసుపత్రులు వెనక్కి పంపించిన సంగతి 2013 జనవరిలో పెద్ద దుమారం లేపింది. ఆ మరుసటి నెలలోనే అక్కడి కాథలిక్ బిషప్పులు, గర్భం రాకుండా మాత్రమే ఆపే మాత్రను అత్యాచార బాధితులకు ఇవ్వవచ్చునని తీర్మానించారు. గర్భస్రావం విషయంలో వారి వైఖరి ఏమాత్రం మారలేదు. రెండూ వేర్వేరని గుర్తించారు, అంతే.

ఇప్పటికీ కొందరు క్రైస్తవ వైద్యులకు అనుమానాలు ఉన్నాయి. వారి మనస్సాక్షిని మేము గౌరవిస్తాం. అయితే "ఇది గర్భస్రావం మాత్ర" అని వేదిక మీద నుంచి చెప్పడం మాత్రం సరికాదు. ఆ మాట విని భయపడేది ఎవరో ఆలోచించండి. అత్యాచారానికి గురైన అమ్మాయికి ఉన్న సమయం మూడు రోజులు. ఆ మూడు రోజులు తల్లిదండ్రులు పరువు గురించి, పాపం గురించి మథనపడుతూ గడిపేస్తే, గర్భం రాకుండా ఆపే అవకాశం చేజారిపోతుంది. నాలుగు వారాల తరువాత ఆ కుటుంబం ముందు నిలబడేది అంతకంటే ఎంతో కఠినమైన ప్రశ్న. గర్భస్రావాలు తగ్గాలని నిజంగా కోరుకునేవారు మొదటి మాత్రకు అడ్డుపడటంలో అర్థం లేదు.

అత్యాచార బాధితులకు ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా వైద్యం చేయాలని 2013 నుంచి మన చట్టం చెబుతోంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ మాత్ర కూడా ఆ వైద్యంలో భాగమే. మిషన్ ఆసుపత్రులు దీనికి మినహాయింపు కావు, కాకూడదు కూడా.

అలాగని ఇది నెలనెలా మింగే మాత్ర కాదు. మామూలు కుటుంబ నియంత్రణ పద్ధతుల కంటే దీని బలం తక్కువ. మాత్ర వేసుకున్న తరువాత మళ్ళీ కలిస్తే రక్షణ ఉండదు. హెచ్.ఐ.వి. వంటి వ్యాధులను ఆపదు. వేసుకున్న రెండు గంటల లోపల వాంతి అయితే మళ్ళీ వేసుకోవాలి. టి.బి.కి రిఫాంపిసిన్ వాడేవారికి, మూర్ఛకు కొన్ని రకాల మందులు వాడేవారికి ఇది సరిగా పనిచేయకపోవచ్చు. అటువంటివారు వెంటనే డాక్టరును అడగాలి. ఐదు రోజుల లోపల కాపర్-టి వేయించుకోవడం ఇంకా నమ్మకమైన మార్గం. నెలసరి వారం దాటి ఆలస్యమైతే మూత్ర పరీక్ష చేయించుకోండి.

రెండవది: గర్భాన్ని తీసివేసే మందులు

ఇవి వేరు. మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టోల్ అనే రెండు మందులు కలిపి, ఐదు మాత్రల కిట్‌గా అమ్ముతారు. గర్భం నిలవడానికి అవసరమైన ప్రొజెస్టిరాన్ అనే హార్మోను పనిని మొదటిది అడ్డుకుంటుంది. ఒకటి రెండు రోజుల తరువాత వాడే రెండవ మందు గర్భసంచిని ముడుచుకునేలా చేసి గర్భాన్ని బయటికి పంపిస్తుంది. మన దేశంలో మిఫెప్రిస్టోన్‌కు 2002లో, కిట్‌కు 2008లో అనుమతి వచ్చింది. తొమ్మిది వారాల లోపు గర్భానికి మాత్రమే, చట్ట ప్రకారం అర్హత గల డాక్టరు పర్యవేక్షణలో మాత్రమే వాడాలి.

జరుగుతున్నది వేరు. 2015 సంవత్సరానికి మన దేశంలో జరిపిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం ఆ ఏడాది సుమారు 1 కోటి 56 లక్షల గర్భస్రావాలు జరిగాయి. వాటిలో దాదాపు 73 శాతం ఆసుపత్రి బయట, మాత్రలతో జరిగినవే. అంటే ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఆసుపత్రి గుమ్మం తొక్కకుండానే ఈ మందులు వాడారు.

సరిగా వాడితే ఇవి ప్రమాదకరమైన మందులు కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వీటిని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. సరైన సమాచారం ఉండి, అవసరమైతే వైద్య సహాయం అందే పరిస్థితి ఉంటే 12 వారాల లోపు స్త్రీ ఇంటి దగ్గరే వాడుకోవచ్చని 2022లో చెప్పింది కూడా. కాని షాపు కౌంటరు మీద నుంచి చేతికందే కిట్‌తో పాటు ఆ సమాచారం రాదు. అర్ధరాత్రి రక్తస్రావం ఎక్కువైతే పల్లెలో ఆ సహాయమూ అందదు.

ఏమి జరగవచ్చో తెలుసుకోండి. నూటికి ఒకటి రెండు గర్భాలు గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలుస్తాయి. ఈ మాత్రలు ట్యూబులోని గర్భాన్ని తీసివేయలేవు. రక్తం కనిపించింది కదా, పని అయిపోయిందనుకుంటారు. కొన్ని రోజుల తరువాత ట్యూబు పగిలి లోపల రక్తస్రావమై ప్రాణం మీదికి వస్తుంది. ఇంకొందరికి నెలలు లెక్క తప్పుతాయి. మూడు నెలలు దాటిన గర్భానికి ఈ కిట్ వాడితే రక్తస్రావం విపరీతంగా కావచ్చు. కొందరిలో గర్భం పూర్తిగా పోదు, కొంత లోపలే ఉండిపోయి చీము పడుతుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉంది. అసలే రక్తం తక్కువగా ఉన్న మనిషి ఇంత రక్తం పోగొట్టుకుంటే తట్టుకోలేదు.

చాలా ఇళ్ళలో ఈ కిట్ కొని తెచ్చేది భర్త, కొన్నిచోట్ల అత్తగారు. ఆడబిడ్డ వద్దనో, ఖర్చు భరించలేమనో నిర్ణయం వాళ్ళదే. మింగేది, నొప్పి పడేది ఆమె. పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీ విషయంలో చట్టం అడిగేది ఆమె ఒక్కదాని సమ్మతినే. భర్త సంతకం అవసరం లేదు, భర్త బలవంతం చెల్లదు. ఆమె పేరును బయటపెట్టకూడదని కూడా చట్టంలో ఉంది.

మేము చెప్పదలచినది

ప్రాణం దేవుడిచ్చిన వరమని మేము నమ్ముతాం. గర్భస్రావాన్ని తేలికైన సంగతిగా ఎన్నడూ చూడం. అందుకే ఈ రెండు మాత్రల తేడాను దాచకుండా చెప్పాలంటున్నాం. సత్యం చెబితే విశ్వాసం బలహీనపడుతుందనే భయం మాకు లేదు. భయపెట్టి నోరు మూయించిన చోట గర్భస్రావాలు ఆగవు, చాటుకు వెళతాయి. చాటున జరిగిన ప్రతిదీ మరింత ప్రమాదం.

సంఘ పెద్దలకు మా మనవి: ఈ విషయం మీద మాట్లాడే ముందు ఒక వైద్యురాలిని పిలిచి సంఘానికి వివరంగా చెప్పించండి. తల్లులకు: మీ కూతురు ధైర్యంగా వచ్చి చెప్పుకోగలిగేలా ఉండండి. కొట్టి అడిగితే ఆమె వెళ్ళేది మందుల షాపుకే. భర్తలకు: కుటుంబ నియంత్రణ మీ ఇద్దరి బాధ్యత. వేసెక్టమీ మగవారికి చిన్న ఆపరేషన్, బరువు పనులు చేసుకునేవారు కూడా చేయించుకోవచ్చు. మందుల షాపు నడిపే సోదరులకు: చీటీ లేకుండా కిట్ అమ్మవద్దు. అడగవచ్చిన మనిషిని ఆసుపత్రికి పంపించండి.

ఇప్పటికే కిట్ వాడినవారికి ఒక మాట. గంటకు రెండు ప్యాడ్ల చొప్పున వరుసగా రెండు గంటలు తడిసినా, కళ్ళు తిరిగి పడిపోయినా, కడుపులో ఒకవైపు విపరీతమైన నొప్పి వచ్చినా, జ్వరం ఒక రోజు దాటి ఉన్నా, దుర్వాసనతో తెల్లబట్ట అవుతున్నా ఆలస్యం చేయకుండా దగ్గరలోని ఆసుపత్రికి వెళ్ళండి. దానంతట అదే కడుపు పోయిందని చెప్పకండి. ఏ మాత్ర, ఎప్పుడు వేసుకున్నారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దానివల్ల వైద్యం త్వరగా మొదలవుతుంది. మా దగ్గర చెప్పుకున్న మాట మీ సంఘానికీ, మీ బంధువులకూ చేరదు.

దారిలో పడి ఉన్న మనిషిని చూసిన మంచి సమరయుడు, నువ్వీ దారిన ఎందుకు వచ్చావని ముందు అడగలేదు. గాయాలు కట్టాడు. మన ఆసుపత్రులు పుట్టింది ఆ మాదిరి చూసే. గర్భస్రావం గురించి మన అభిప్రాయాలు ఎంత గట్టివైనా, రక్తమోడుతూ గుమ్మంలోకి వచ్చిన స్త్రీ ముందు మనకున్న మొదటి పని అదే. ప్రభువు మనకు సరియైన జ్ఞానాన్నీ, ఆ జ్ఞానంతో పాటు కనికరాన్నీ దయచేయును గాక.