ఆ ఎనిమిది ఓట్లను చెల్లకుండా చేసిందెవరు?

మనలో ఎన్నికల డ్యూటీ చేయని టీచర్లు తక్కువ. ముందురోజు సామగ్రి లెక్కచూసి తీసుకోవడం, రాత్రి ఏ బడి వరండాలోనో నడుం వాల్చడం, తెల్లవారకముందే మాక్ పోల్, సాయంత్రం ఫారాల మీద సంతకాలు. ఒక్క అంకె తేడా వస్తే మెమో వస్తుందేమోనని భయం. అందుకే 2024 జనవరి 30న చండీగఢ్ నగర పాలక సంస్థ సభా మందిరంలో జరిగింది మిగతావాళ్ళకంటే మనకే బాగా అర్థమవుతుంది. అక్కడ ఓటు పాడుచేసింది ఓటరు కాదు, ప్రిసైడింగ్ అధికారి.

చండీగఢ్‌లో మేయరును ప్రజలు నేరుగా ఎన్నుకోరు. 35 మంది కౌన్సిలర్లు, స్థానిక ఎంపీ కలిపి 36 ఓట్లు. మేయరు పదవీకాలం ఏడాదే కనుక ఏటా జనవరిలో ఈ తంతు జరుగుతుంది. ఆ ఏడాది ఆమ్ ఆద్మీ పార్టీకి 13 మంది, కాంగ్రెస్‌కు ఏడుగురు. ఇద్దరూ కలిసి పోటీచేశారు, అంటే 20. బీజేపీకి 14 మంది కౌన్సిలర్లు, ఎంపీ ఓటు, అకాలీదళ్ కౌన్సిలర్ ఓటు కలిపి 16. రెండో తరగతి పిల్లవాడు కూడా చెప్పగలిగిన లెక్క. నిజానికి ఎన్నిక జనవరి 18న జరగాలి. ప్రిసైడింగ్ అధికారికి ఒంట్లో బాగోలేదని ఆపారు. ఫిబ్రవరి 6కు వాయిదా వేస్తే, పంజాబ్-హర్యానా హైకోర్టు జోక్యం చేసుకుని జనవరి 30న పెట్టించింది.

ఆ రోజు ప్రిసైడింగ్ అధికారి అనిల్ మసీహ్. బీజేపీకి చెందిన నామినేటెడ్ కౌన్సిలర్, ఓటు హక్కు లేనివారు. లెక్కింపు ఆయనే చేశారు. బీజేపీ అభ్యర్థి మనోజ్ సోన్‌కర్‌కు 16, ఆమ్ ఆద్మీ అభ్యర్థి కుల్దీప్ కుమార్‌కు 12, చెల్లనివి 8 అని ప్రకటించి సోన్‌కర్‌ను కుర్చీలో కూర్చోబెట్టారు. చెల్లని ఎనిమిదీ ఒకే అభ్యర్థివి కావడమే వింత. ఆయన బ్యాలెట్ పత్రాల మీద పెన్నుతో గీతలు పెడుతూ, మధ్యలో తలెత్తి కెమెరా వంక చూడటం దేశమంతా వీడియోలో చూసింది.

టీచర్ల భాషలో చెప్పాలంటే, పరీక్ష గదిలో ఇన్విజిలేటరే పిల్లవాడి జవాబు పత్రంలో ఓ గుర్తు పెట్టి, తర్వాత ఆయనే మూల్యాంకనానికి కూర్చుని, పత్రంలో గుర్తు ఉంది కాబట్టి సున్నా అన్నట్టు.

ఓడినవారు వెళితే హైకోర్టు వెంటనే స్టే ఇవ్వలేదు. సుప్రీంకోర్టు ఫిబ్రవరి 5న విచారణకు తీసుకుంది. వీడియో చూసిన ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ ఇది ప్రజాస్వామ్యాన్ని హత్య చేయడమేనని మండిపడ్డారు. పత్రికలు ఆ మాటనే పతాక శీర్షికల్లో వేశాయి. మాకు మాత్రం అంతకన్నా పెద్దదిగా కనిపించింది అదే రోజు ఇచ్చిన చిన్న ఆదేశం: బ్యాలెట్ పత్రాలు, వీడియో, ఎన్నిక రికార్డు అంతా స్వాధీనం చేసుకుని భద్రపరచండి అని. ఆ కాగితాలు చేతిలో లేకపోతే తర్వాత జరిగింది ఏదీ జరిగేది కాదు.

ఆ తర్వాత కథలో ఇంకో మెలిక ఉంది. ఫిబ్రవరి 18న సోన్‌కర్ రాజీనామా చేశారు. అదే రోజు ముగ్గురు ఆమ్ ఆద్మీ కౌన్సిలర్లు బీజేపీలో చేరారు. రాజీనామా చేశారు కదా, మళ్ళీ ఎన్నిక పెడితే సరిపోతుందని చాలామంది అన్నారు. పైకి న్యాయంగానే వినిపిస్తుంది. కానీ ఇప్పుడు లెక్క తిరగబడింది: ఇటు 19, అటు 17. మళ్ళీ ఎన్నిక అంటే, జనవరి 30న తప్పు చేసి సంపాదించింది ఫిబ్రవరిలో చట్టబద్ధంగా చేతికొచ్చినట్టే. కోర్టు ఆ దారి పట్టలేదు. ఫిబ్రవరి 20న ఎనిమిది పత్రాలనూ తెప్పించి చూసింది. ప్రతిదాంట్లో ఓటు కుల్దీప్ కుమార్‌కే స్పష్టంగా పడి ఉంది, కింది సగంలో అధికారి పెట్టిన సిరా గుర్తు ఉంది. ఓటరు పెట్టని గుర్తుతో ఓటు చెల్లకుండా పోదని తేల్చి, 142వ అధికరణం కింద ఆయన్నే మేయరుగా ప్రకటించింది. పన్నెండూ ఎనిమిదీ ఇరవై.

పాత కాగితాలను లెక్కపెట్టడానికీ కొత్త ఎన్నిక పెట్టడానికీ తేడా ఎంతో మార్చి 4నే తెలిసింది. సీనియర్ డిప్యూటీ మేయర్, డిప్యూటీ మేయర్ పదవులకు మళ్ళీ పోలింగ్ పెడితే రెండూ బీజేపీ గెలిచింది.

మరి తప్పుచేసిన అధికారి సంగతి? పత్రాలు ముందే పాడై ఉంటే గుర్తుపెట్టానని మసీహ్ కోర్టులో చెప్పారు. అది అబద్ధమని తేల్చిన కోర్టు, ప్రాసిక్యూషన్ ఎందుకు జరపకూడదో చెప్పాలని నోటీసు ఇచ్చింది. తర్వాత ఆయన బేషరతుగా క్షమాపణ చెప్పారు. దీన్ని పూర్తి జవాబుదారీతనం అనడానికి మాకు నోరు రావడం లేదు. ఆ పెన్ను పట్టిన చేయి ఒకటే అయినా, ఓ పార్టీ మనిషిని ఆ కుర్చీలో కూర్చోబెట్టిన ఏర్పాటును ఎవరూ పెద్దగా ప్రశ్నించలేదు. 2025 జనవరిలో మాత్రం సుప్రీంకోర్టు ఒక రిటైర్డ్ జడ్జిని పరిశీలకురాలిగా పెట్టింది. అప్పుడు గీతలేమీ లేవు. కూటమికి 20 బలం ఉన్నా 17 ఓట్లే పడ్డాయి, బీజేపీ 19తో గెలిచింది. ముగ్గురు ఎవరో ఎవరికీ తెలియదు. దాంతో అదే ఏడాది ఓటింగును చేతులెత్తే పద్ధతికి మార్చారు. సామాన్యుడి ఓటు రహస్యంగా ఉండాలి; అతని తరఫున వేసే ఓటు ఎందుకు రహస్యంగా ఉండాలన్నది మాకూ ఎప్పటినుంచో ఉన్న సందేహమే.

ఇదంతా ఎక్కడో ఉత్తరాది సంగతి అనుకోనక్కర్లేదు. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల్లోనూ మేయర్లను కౌన్సిలర్లే ఎన్నుకుంటారు. 2022లో ఒడిశా మాత్రం నేరుగా జనంచేత ఎన్నిక పెట్టింది, మన బరంపురంలోనూ అలాగే జరిగింది. ఇక ఎన్నికే పెట్టకపోవడం ఇంకో రకం. రాజ్యాంగంలోని 243యు అధికరణం ఐదేళ్ళ గడువు ముగిసేలోగా ఎన్నిక జరగాలంటుంది. బెంగళూరు పాలక మండలి గడువు 2020 సెప్టెంబరులో తీరింది. నగరాన్ని ఐదు కార్పొరేషన్లుగా విడగొట్టిన 2025 సంవత్సరం ముగిసేదాకా కూడా ఎన్నిక లేదు. ముంబైలో 2022 మార్చి నుంచి మూడేళ్ళకు పైగా కమిషనరే అడ్మినిస్ట్రేటర్. పుదుచ్చేరిలో 38 ఏళ్ళ విరామం తర్వాత 2006లో మున్సిపల్ ఎన్నికలు జరిగాయి, యానాం కౌన్సిల్ కూడా వచ్చింది. 2011లో ఆ గడువు తీరాక మళ్ళీ ఎన్నికలు జరగలేదు. దీన్ని మోసమని ఏ కోర్టూ అనలేదు. అయితే ముంబై కార్పొరేషన్ నడిపే తెలుగు బడిలో టీచరు పోస్టు ఖాళీగా ఉంటే, అడగడానికి వార్డు కార్పొరేటరే లేని మూడేళ్ళు ఎలా గడుస్తాయో అక్కడి తల్లిదండ్రులకు తెలుసు. మా ఊళ్ళోనూ ఓసారి తెలుగు పంతులు కావాలని రాసిన అర్జీ నాలుగు టేబుళ్ళు తిరిగి, చివరికి ‘సంబంధిత శాఖకు పంపడమైనది’ అన్న ముద్రతో మా దగ్గరికే వచ్చింది. సంబంధిత శాఖ ఏదో ఆ ముద్రలో లేదు.

వచ్చే నెల మా బడిలో విద్యార్థి నాయకుడి ఎన్నిక. ఇన్నేళ్ళూ స్టాఫ్ రూములో తలుపేసుకుని మేమే చీటీలు లెక్కపెట్టి పేరు చెప్పేవాళ్ళం. ఈసారి బల్ల వరండాలోకి వస్తుంది. పోటీలో ఉన్న ప్రతి ఒక్కరి తరఫున ఓ పిల్లవాడు పక్కన కూర్చుంటాడు, చెల్లదని పక్కనపెట్టిన ప్రతి చీటీనీ వాళ్ళకు చూపించాకే కవరులో పెడతాం. లెక్కపెట్టే టీచరు చేతిలో పెన్ను ఉండదు.