నకలు కారు రోజూ నడపడానికే

నకలు స్పోర్ట్స్ కారు కొని, గుడ్డ కప్పి ఇంట్లో దాచుకోవడం నాకు నచ్చదు.

పోర్షా 356 స్పీడ్‌స్టర్ 1954లో వచ్చింది. అసలు బండి ఇప్పుడు అరుదు, చాలా ఖరీదు. దాని మీద ఒక్క గీత పడినా యజమానికి నిద్ర పట్టదు. నకలు వేరు. చాలా నకళ్లకు కింద ఫోక్స్‌వాగన్ బీటిల్ చట్రం, ఇంజిను. పైన ఫైబర్‌గ్లాస్ బాడీ. బీటిల్ తెలిసిన మెకానిక్ ఉంటే చాలు.

నేను గుడిలో సేవ చేస్తాను. అందుకే ఈ పోలిక తోచింది. మూలవిరాట్టు గర్భగుడి దాటి రాదు. వీధుల్లోకి వచ్చేది ఉత్సవమూర్తి. అది తక్కువ కాదు, దాని పని వేరు. కారును దేవుడితో పోల్చడం లేదండీ, పనిని పోలుస్తున్నాను. నకలు పని వీధిలో తిరగడం.

అయితే మా ఖురియాత్‌లో "రోజూ" అనే మాటకు హద్దు ఉంది. 2018 జూన్‌లో ఇక్కడ ఒకసారి 24 గంటలూ వేడి 42.6 డిగ్రీల కంటే తగ్గలేదు, రాత్రి కూడా! ఏసీ లేని ఓపెన్ కారులో అది భరించలేం. సముద్రపు ఉప్పుగాలికి ఫైబర్‌గ్లాస్ తుప్పు పట్టదు, కానీ కింది ఇనుప చట్రం పడుతుంది. తరచుగా కడగాలి. వాదీ, అంటే ఇక్కడి వాగు, పొంగిన రోజు ఇంత ఎత్తు తక్కువ బండి తీయకూడదు. పాత నమూనా కాబట్టి ఎయిర్‌బ్యాగులు కూడా ఉండవు. మస్కట్ హైవే మీద నిదానం మంచిది.

కాబట్టి నవంబరు నుంచి మార్చి దాకా రోజూ నడపండి. కూరగాయలకు వెళ్లండి, చేపల మార్కెట్‌కు వెళ్లండి. గీతలు పడితే పడనివ్వండి. ఎండాకాలంలో మామూలు కారు తీయండి. ఒక్క కారుకే డబ్బు ఉంటే మాత్రం, ఏసీ కారే కొనండి.