లివరులో గడ్డ మళ్ళీ వస్తే

ప్రశ్న: మావారికి లివరు కాన్సరుకు రెండున్నరేళ్ళ క్రితం ఆపరేషన్ అయింది. ఇప్పుడు అక్కడే 2 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. ఈసారి కోయకుండా సూదితో కాల్చేస్తామంటున్నారు. దానివల్ల గుణం ఎంతకాలం నిలుస్తుంది? ఆయనకు హెపటైటిస్ ‘బి’ కూడా ఉంది.
– ఒక సోదరి, తెనాలి

జవాబు: గడ్డ మళ్ళీ వచ్చిందని మొదటి డాక్టరును తప్పు పట్టకండమ్మా. ఈ ఆపరేషన్ అయినవారిలో అయిదేళ్ళలో నూటికి దాదాపు 70 మందికి మళ్ళీ వస్తుంది. గడ్డను తీసేశారు గాని, దాన్ని పుట్టించిన లివరు అదే గదా!

స్కానింగులో చూస్తూ గడ్డ మధ్యకు సూది పంపి వేడి పుట్టిస్తారు. 60 డిగ్రీలు దాటితే కణాలు చచ్చిపోతాయి. గడ్డ 3 సెంటీమీటర్ల లోపు ఉంటే ఫలితం బాగుంటుంది. గడ్డ ఒక్కటే కాలితే చాలదు, చుట్టూ అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు దాకా మంచి కండ కూడా కాలాలి. పెద్ద రక్తనాళం పక్కనే ఉంటే పారే రక్తం వేడిని లాగేస్తుంది. కాగే నీళ్ళలో చన్నీళ్ళు పోస్తూ ఉన్నట్టన్నమాట. అలాంటి చోట వేరు మిగిలిపోవచ్చు.

ఏడాదిలోపే తిరగబెట్టిన గడ్డ సాధారణంగా పాతదాని విత్తనమే, మొండిది. రెండేళ్ళు దాటాక వచ్చేది చాలావరకు కొత్తగా పుట్టినది. మీవారిది ఈ రెండో రకమే కావచ్చు, అది కొంత నయం.

మళ్ళీ కోయడం మేలా, కాల్చడం మేలా అని చైనాలో 240 మంది రోగులపై జరిపిన పరిశోధన 2020లో వెలువడింది. అయిదేళ్ళ తర్వాత బ్రతికి ఉన్నవారు రెండు పక్షాలలోనూ నూటికి సుమారు 40 మంది. గడ్డ 3 సెంటీమీటర్లు మించినా, ఆల్ఫా ఫీటోప్రోటీన్ అనే రక్తపరీక్ష 200 దాటినా మాత్రం కోతే మెరుగనిపించింది. ఆ పరీక్ష ఎంత ఉందో మీరు రాయలేదు. డాక్టరుగారిని అడగండి.

ఇక అసలు సంగతి. గడ్డ పోయినా లివరు చెడిపోయి చనిపోయేవారున్నారు. పొట్టలో నీరు చేరడం, కామెర్లు, రక్తంలో ఆల్బుమిన్ తగ్గడం మంచి సూచనలు కావు. ‘బి’ వైరస్సుకు టెనోఫోవిర్ గాని, ఎంటెకావిర్ గాని రోజూ వేసుకోవాలి. ఒంట్లో బాగుందని స్వయంగా మానేస్తే వైరస్సు ఒక్కసారిగా విజృంభిస్తుంది. మద్యం బొత్తిగా పనికిరాదు, పండుగనాడు కూడా. ఎవరో చెప్పారని పసరు మందులు పోయకండి. దెబ్బతిన్న లివరు వాటిని తట్టుకోలేదు.

కాల్చిన నెలకు రంగుమందు ఎక్కించి స్కానింగు తీస్తారు. మిగిలి ఉంటే మళ్ళీ కాల్చవచ్చు. తర్వాత రెండేళ్ళపాటు మూడు నెలలకోసారి, ఆపైన ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. నొప్పి లేదుగదా అని మానేసేవారే ఎక్కువ. నొప్పి వచ్చేదాకా ఆగితే సూదికి అందే గడ్డ కాదది.

మరొకటి. మీరూ, పిల్లలూ, మీవారి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ‘బి’ పరీక్ష చేయించుకోండి. లేనివారికి టీకా మూడు మోతాదులు: మొదటిది ఇప్పుడు, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది.